సువార్త చేరకముందే పోయినవాళ్ళ సంగతి

1552 జనవరిలో కొచ్చిన్ నుంచి ఐరోపాలోని తోటి జెస్యూట్ గురువులకు రాసిన ఉత్తరంలో కథోలిక మిషనరీ ఫ్రాన్సిస్ జేవియర్ జపాన్ సంగతులు చెప్పాడు. యమగుచి పట్టణంలో కొత్తగా విశ్వాసులైనవాళ్ళను అన్నిటికన్నా ఎక్కువగా బాధపెట్టిన సంగతి ఒకటుంది. చనిపోయిన తల్లిదండ్రులు, పిల్లలు, బంధువులు నరకంలో ఉన్నట్టేనా, దానధర్మాలతోనో ప్రార్థనలతోనో వాళ్ళను బయటికి తెచ్చే దారి లేదా అని అడిగారు. లేదన్నాడు జేవియర్. వాళ్ళు ఏడ్చారు. వాళ్ళ ఏడుపు చూసి తనకూ దుఃఖం ఆగలేదని రాశాడు.

తెలుగు నేల మీద మొదటి తరం క్రైస్తవుల ఇళ్ళలో ఇదే ప్రశ్న ఇప్పటికీ వినబడుతుంది. "అయ్యగారూ, మా తాతకు యేసు పేరే తెలియదు. మరి ఆయన సంగతేంటి?" దీనికి మామూలుగా రెండు జవాబులొస్తాయి. ఠక్కున ఒక వచనం చదివి వినిపించడం ఒకటి, "అది దేవుడికే తెలుసమ్మా" అనేయడం ఇంకొకటి. మొదటి జవాబులో చదివే వచనం చాలాసార్లు వేరే ప్రశ్నకు సంబంధించింది. రెండోది అబద్ధం కాదు గానీ, ఎంతవరకు తెలుసు, ఎక్కడినుంచి తెలియదు అన్నది చెప్పనప్పుడు అది తప్పించుకోవడమే అవుతుంది.

చిక్కు ఎక్కడుందంటే, రక్షణ ఎవరి వలన అన్నది ఒక ప్రశ్న. ఎవరి వలనో తెలిసి, ఒప్పుకుంటేనే ఆ రక్షణ అందుతుందా అన్నది మరో ప్రశ్న. ఈ రెండూ ఎప్పుడూ కలిసిపోయే వస్తాయి. "మరి ఎవనివలనను రక్షణ కలుగదు" అనే అపొస్తలుల కార్యములు 4:12, "నా ద్వారానే తప్ప యెవడును తండ్రియొద్దకు రాడు" అనే యోహాను 14:6 మొదటి ప్రశ్నకు నేరుగా, గట్టిగా జవాబిస్తాయి. రక్షణ పొందేవాడు ఎవడైనా సరే, క్రీస్తు మూలంగానే పొందుతాడు. రెండో ప్రశ్నకు మాత్రం వీటిలో నేరుగా జవాబు లేదు. "ఆయన ద్వారానే" అన్న మాట ఒకటి, "ఆయన పేరు తెలిసినవాడే" అన్న మాట ఒకటి.

అప్పు సంగతి తీసుకోండి. ఒక రైతు బ్యాంకు బాకీని ఎవరో కట్టేశారు. రైతుకు తెలియదు. అయినా బాకీ తీరినట్టే. కట్టినవాడు లేకపోతే మాత్రం తీరేది కాదు. అంటే మొదటి ప్రశ్నకు "ఒక్కడే" అని చెబుతూనే, రెండో ప్రశ్నకు "తెలియకపోయినా తీరొచ్చు" అనడంలో వైరుధ్యం లేదు. అయితే ఈ పోలిక కొంత దూరమే వస్తుంది. బాకీ మన అంగీకారం లేకుండా తీరుతుంది, సమాధానపడటం అలా జరగదు. బైబిల్లో రక్షణ అంటే లెక్క కొట్టివేత మాత్రమే కాదు, దేవుడితో తెగిన బంధం మళ్ళీ కలవడం. అందుకే మనిషి వైపునుంచి ఏదో ఒక స్పందన ఉండాలి. ఎంత స్పందన, దేనికి స్పందన అన్నదే అసలు గొడవ.

ఇక్కడ తెలుగులో ఇంకో పీటముడి ఉంది. క్రైస్తవులు "రక్షణ" అంటే హిందూ మిత్రుడు "మోక్షం" అని వింటాడు. జనన మరణాల చక్రం నుంచి విడుదల మోక్షం. పాపక్షమాపణ, పునరుత్థానం, దేవుడితో నిత్యజీవం రక్షణ. "మీ మతంలో చేరకపోతే మోక్షం రాదా?" అని అడిగినప్పుడు, అడిగేవాడు కోరుకుంటున్నదీ చెప్పేవాడు ఇస్తానంటున్నదీ ఒకటి కాదు. అమెరికన్ బాప్టిస్టు వేదాంతి ఎస్. మార్క్ హైమ్ 1995లో ఇదే పట్టుకున్నాడు. మతాలన్నీ ఒకే కొండకు వేర్వేరు దారులని తేలిగ్గా అనేస్తాం గానీ, అవి చేరాలనుకుంటున్న కొండలే వేరు కావచ్చన్నాడు. అన్ని మతాల సారం ఒక్కటే అనే మాటలో మర్యాద ఉంది. కానీ అది ఏ మతాన్నీ అది చెప్పే మాట మీద నిలవనివ్వదు. మతాలన్నీ ఒకే పరమ సత్యానికి వేర్వేరు స్పందనలన్న బ్రిటిష్ తత్వవేత్త జాన్ హిక్ సిద్ధాంతానికి కూడా ఇదే ఇబ్బంది: అన్ని మతాలనూ సమానంగా గౌరవించాలని బయల్దేరి, మీ అందరికన్నా నాకే అసలు సంగతి బాగా తెలుసు అనే చోట ఆగుతుంది.

"విశ్వసించనివాడు" అన్న మాట కింద కూడా ఒకరితో ఒకరికి సంబంధం లేని మనుషుల్ని కలిపేస్తాం. విని, అర్థం చేసుకుని, వద్దన్నవాడు ఒకడు. అసలు విననే వినని మన తాత ఇంకొకడు. క్రీస్తుకు ముందు పుట్టి పోయినవాడు, మూడు రోజుల పసికందు, మాట గ్రహించలేని మనోవైకల్యం ఉన్న మనిషి, వీళ్ళంతా వేరు. విన్నాడు గానీ వక్రంగా విన్నవాడి సంగతి ఇంకా వేరు.

యోహాను 3:18ని అందరికీ ఒకేలా వర్తింపజేస్తారు: "విశ్వసింపనివాడు దేవుని అద్వితీయ కుమారుని నామమందు విశ్వాసముంచలేదు గనుక వానికి ఇంతకుమునుపే తీర్పు తీర్చబడెను." ఆ వెంటనే 19వ వచనం ఆ తీర్పు ఏమిటో చెబుతుంది: వెలుగు లోకంలోకి వచ్చింది, మనుషులు వెలుగును కాక చీకటిని ప్రేమించారు. అంటే అక్కడ కళ్ళముందున్నది వెలుగు ఎదుటికి వచ్చినవాడు. మార్కు 16:16 చదివేవాళ్ళు కూడా ఆ ముందు వచనం చూడాలి. సర్వసృష్టికి సువార్త ప్రకటించాకే నమ్మినవాడు, నమ్మనివాడు అనే విభజన వస్తుంది. పైగా మార్కు 16లో 9 నుంచి 20 వరకు ఉన్న భాగం చాలా పాత చేతిరాత ప్రతులైన సీనాయి, వాటికన్ ప్రతుల్లో లేదు. ఇంత పెద్ద సిద్ధాంతాన్ని ఆ ఒక్క వచనం మీద నిలబెట్టడం తెలివైన పని కాదు.

వక్రంగా విన్నవాడి గురించి అందరికన్నా సూటిగా మాట్లాడినవాడు సలమాంకా విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పిన డొమినికన్ గురువు ఫ్రాన్సిస్కో డి విటోరియా. 1539లో అమెరికా ఆదివాసుల గురించి చేసిన ఉపన్యాసంలో ఆయన వాదన ఇది: క్రైస్తవ విశ్వాసం గురించి ఎవరో వచ్చి ఒక మాట అనగానే నమ్మి తీరాలనే బాధ్యత వాళ్ళ మీద పడదు. నమ్మదగినట్టు చెప్పాలి, చెప్పేవాడి బతుకు దానికి సాక్ష్యమివ్వాలి. అక్కడినుంచి తనకు వినబడుతున్నవి అద్భుతాలూ భక్తిజీవితాలూ కావు, నేరాలూ దారుణాలూ అన్నాడు. స్పెయిన్ రాజ్యం అమెరికాను కొల్లగొడుతున్న రోజుల్లో స్పెయిన్‌లోనే కూర్చుని అన్న మాట ఇది. మన ఊళ్ళకు తెచ్చుకుంటే, బస్టాండులో చేతిలో పెట్టిన కరపత్రమో, తెల్లవారుజామున మైకులో వినబడిన పాటో "సువార్త వినడం" కింద లెక్కా? విటోరియా కొలత ప్రకారం కాదు.

విశ్వాసం అన్న మాటలోనూ పొరలున్నాయి. సంస్కరణోద్యమ వేదాంతులు మూడు భాగాలు చెబుతారు: తెలియడం, అది నిజమని ఒప్పుకోవడం, దాని మీద ఆనుకోవడం. మొదటి రెండూ దయ్యాలకు కూడా ఉన్నాయని యాకోబు 2:19 ఎత్తిపొడుస్తుంది. మరి మూడోది ఉండి మొదటిది కొంచెమే ఉంటే? అబ్రాహాము అదే. ఆదికాండం 15:6లో అతడు నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది. అతనికి తెలిసినదల్లా నక్షత్రాలు చూపించి దేవుడు చేసిన ఒక వాగ్దానం. సిలువ తెలియదు, పునరుత్థానం తెలియదు, యేసు అనే పేరు తెలియదు. అయినా రోమా 4వ అధ్యాయంలో విశ్వాసానికి మాదిరిగా పౌలు నిలబెట్టింది అతన్నే.

ఇక్కడ ఒక తొందరపాటు జరుగుతుంది. "చూశారా, క్రీస్తు తెలియకపోయినా అబ్రాహాముకు రక్షణ వచ్చింది, కాబట్టి మా తాతకూ వస్తుంది" అంటారు. వాదన అంత సులువుగా తెగదు. అబ్రాహాముతో దేవుడు మాట్లాడాడు. యెరికోలోని రాహాబు ఎర్రసముద్రం పాయలైన సంగతి విన్నది. సిరియా సేనాపతి నయమాను ఎలీషా ప్రవక్త ఇంటి గుమ్మానికి వెళ్ళాడు. నీనెవెకు యోనా వచ్చాడు. వీళ్ళందరికీ ఏదో ఒక ప్రత్యేక సందేశం అందింది. ఆకాశాన్నీ మనస్సాక్షినీ మాత్రమే చూసి రక్షణ పొందారనడానికి వీళ్ళు సాక్ష్యం కారు. మెల్కీసెదెకు, యోబు మాత్రం నిజంగా అబ్రాహాము వంశానికి బయటివాళ్ళు. వాళ్ళకు దేవుడి సంగతి ఎవరు చెప్పారో బైబిల్ చెప్పదు. కాబట్టి ద్వారం మూసి ఉందని కూడా అనలేం.

అన్నిటికన్నా దగ్గరగా చూడాల్సినవాడు కొర్నేలీ. అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయం. ఇటలీ పటాలంలో శతాధిపతి, కైసరయలో కాపురం. యూదుడు కాడు, ధర్మాలు చేస్తాడు, ఎప్పుడూ ప్రార్థిస్తాడు. ఒకరోజు మధ్యాహ్నం మూడింటి వేళ దేవదూత కనబడి, నీ ప్రార్థనలూ ధర్మకార్యాలూ దేవుడి సన్నిధికి చేరాయని చెప్పింది. యొప్పేకు మనుషుల్ని పంపి పేతురును పిలిపించమంది. ఇద్దరు పనివాళ్ళు, ఒక సైనికుడు బయల్దేరారు. సముద్రపు ఒడ్డు వెంట సుమారు యాభై కిలోమీటర్లు. రెండో రోజు మధ్యాహ్నానికి యొప్పే చేరారు. మూడో రోజు పేతురును వెంటబెట్టుకుని తిరుగుప్రయాణం. కైసరయలో అడుగుపెట్టేసరికి నాలుగో రోజు.

మరి రెండో రోజు రాత్రి కొర్నేలీ గుండె ఆగిపోయి ఉంటే?

"ప్రతి జనములోను ఆయనకు భయపడి నీతిగా నడుచుకొనువానిని ఆయన అంగీకరించును" అని 10:35లో పేతురు అన్నాడు, సువార్త చెప్పడం మొదలుపెట్టకముందే. దీన్ని పట్టుకుంటే ఆ రాత్రి పోయినా కొర్నేలీకి భయం లేదు. కానీ 11:14 చూడండి. ఏ మాటల వలన నీవూ నీ ఇంటివారూ రక్షణ పొందుతారో ఆ మాటలు పేతురు చెబుతాడని దూత అన్నట్టు ఉంది. రక్షణ ఇంకా రావాల్సి ఉంది. దీన్ని పట్టుకుంటే కొర్నేలీ యోగ్యుడే గానీ ఇంకా రక్షితుడు కాడు. రెండు వర్గాలవాళ్ళూ తమకు నచ్చిన వచనం చదివి రెండోది వదిలేస్తారు. రెండిటినీ కలిపి చదివితే నాకు కనబడేది ఇది: దేవుడు అప్పటికే కొర్నేలీతో పని చేస్తున్నాడు, ఆ పని పూర్తయ్యేది మాత్రం సువార్తతో. మధ్యలో ఆగిపోయిన పనిని దేవుడు ఎలా లెక్కిస్తాడో ఈ పుస్తకం రాసిన లూకా రాయలేదు.

13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ ఈ ఖాళీని ఇలా నింపాడు. అడవిలో మృగాల మధ్య పెరిగిన మనిషి తన మనస్సాక్షి చెప్పినట్టు మంచిని వెతికితే, దేవుడు లోలోపల ప్రేరేపించైనా అతనికి అవసరమైన సత్యం బయలుపరుస్తాడు, లేదా కొర్నేలీకి పేతురును పంపినట్టు ఎవరినో ఒకరిని పంపుతాడు. ఇందులో విశ్వాసం కావాలన్న నియమం చెక్కుచెదరదు, దేవుడి న్యాయమూ నిలబడుతుంది. బలహీనత ఒకటే: అలా పంపినట్టు మనకు చరిత్రలో కనబడని కోట్లమంది.

"సంఘానికి వెలుపల రక్షణ లేదు" అనే ప్రసిద్ధ సూత్రం కథ కూడా తెలుసుకోదగ్గది. మూడో శతాబ్దంలో కార్తేజీ బిషప్పు సిప్రియను ఆ మాట అన్నది సంఘంలోంచి చీలిపోయి వేరుకుంపటి పెట్టుకున్నవాళ్ళనుద్దేశించి. సువార్త వినని అన్యుడు ఆ గొడవలోనే లేడు. తర్వాత దాని గురి మారింది. 1442లో ఫ్లారెన్సు సభ అన్యులు, యూదులు, మతభేదకులు అందరూ మరణానికి ముందు సంఘంలో చేరకపోతే నిత్యాగ్నికే పోతారని ప్రకటించింది. సువార్త దాదాపు లోకమంతా చేరిందనీ, చేరనివాడు తన తప్పు వల్లే బయట ఉన్నాడనీ ఐరోపా అనుకుంటున్న కాలమది. యాభై ఏళ్ళకు కొలంబస్ ఓడలు ఆవలి ఒడ్డుకు చేరాయి. పదిహేను శతాబ్దాలుగా ఒక్క ప్రసంగీకుడు కూడా అడుగుపెట్టని జనాలు అక్కడ ఉన్నారని తెలిసింది. విటోరియా ప్రశ్నలు పుట్టింది అందుకే.

1863లో పోప్ తొమ్మిదో పయస్, తమ తప్పు లేకుండా అజ్ఞానంలో ఉండి, సహజ ధర్మాన్ని పాటించేవాళ్ళు దేవుడి కృపతో నిత్యజీవం పొందవచ్చన్నాడు. 1949లో బోస్టన్ జెస్యూట్ లెనార్డ్ ఫీనీ పాత సూత్రాన్ని అక్షరాలా పట్టుకున్నప్పుడు, దాన్ని అలా అర్థం చేసుకోకూడదని రోమే చెప్పింది. లొంగనందుకు 1953లో ఆయన్ను వెలివేసింది. సంఘానికి వెలుపల రక్షణ లేదని మరీ గట్టిగా పట్టుబట్టినవాడు సంఘానికి వెలుపల పడ్డాడు. 1972లో మళ్ళీ కలుపుకున్నారు లెండి.

1964 నవంబరు 21న రెండో వాటికన్ మహాసభ వెలువరించిన సంఘ శాసనం 16వ పేరా గురించి రెండువైపులా పొరపాటు జరుగుతుంది. "అన్ని మతాలవాళ్ళకూ రక్షణే అని పోపే ఒప్పుకున్నాడు" అంటారు. అందులో ఉన్నవి షరతులు: తమ తప్పు లేకుండా సువార్త తెలియనివాళ్ళయి ఉండాలి, యథార్థ హృదయంతో దేవుణ్ణి వెతకాలి, మనస్సాక్షి ద్వారా తెలిసిన ఆయన చిత్తాన్ని చేయడానికి ప్రయత్నించాలి, అదీ కృప కదిలించగా. అప్పుడు "పొందగలరు" అంది, "పొందుతారు" అనలేదు. అదే పేరా చివర్లో, చాలాసార్లు మనుషులు దుష్టుడి చేత మోసపోతారనీ, అందుకే సంఘం సువార్త పనిని శ్రద్ధగా చేస్తుందనీ ఉంది. ఆ చివరి వాక్యాలు చదివేవాళ్ళు తక్కువ.

ప్రొటెస్టెంటుల్లో గట్టి గొంతు ఇంగ్లండులో కూడిన వేదాంతుల సభ రాసిన వెస్ట్‌మినిస్టర్ పెద్ద ప్రశ్నోత్తరావళిది, 1647 నాటిది. 60వ ప్రశ్నకు జవాబు మొహమాటం లేకుండా చెబుతుంది: సువార్త వినక, క్రీస్తును ఎరగక, ఆయన్ను విశ్వసించనివాళ్ళు ప్రకృతి వెలుగులో ఎంత శ్రద్ధగా నడుచుకున్నా రక్షణ పొందలేరు. 1974లో ప్రపంచ సువార్తికుల సభ వెలువరించిన లొసాన్ నిబంధన కూడా సృష్టి ద్వారా అందరికీ దేవుడి గురించి కొంత తెలుసంటూనే, ఆ తెలివి రక్షిస్తుందనడాన్ని తిరస్కరించింది. వాళ్ళ బలం రోమా 10:14: "ప్రకటించువాడు లేకుండ వారెట్లు విందురు?" నిజంగానే బలమైన వచనం, దాన్ని పలుచన చేయకూడదు. నాలుగు వచనాల తర్వాత మాత్రం ఒక విచిత్రం ఉంది. "వారు వినలేదా? విన్నారు గదా" అంటూ పౌలు 19వ కీర్తన ఎత్తుకుంటాడు. ఆ కీర్తనలో భూదిగంతాల వరకు వెళ్ళే స్వరం ప్రసంగీకులది కాదు, ఆకాశానిది. పౌలు దాన్ని సువార్తకు అలంకారంగా వాడాడా, సృష్టి సాక్ష్యమూ ఒక "వినడమే" అంటున్నాడా అన్నది వ్యాఖ్యాతలు ఇంకా తేల్చుకోలేదు.

ఈ వర్గానికి అసలు చిక్కు పసిపిల్లల దగ్గర వస్తుంది. స్పష్టమైన విశ్వాసం లేకుండా ఎవరికీ రక్షణ లేదన్నవాళ్ళే బిడ్డను పోగొట్టుకున్న తల్లితో "నీ బిడ్డ ప్రభువు దగ్గరుంది" అంటారు. అనడం తప్పని కాదు. కానీ ఆ మాట అన్నప్పుడే, తెలియడం, ఒప్పుకోవడం లేకుండా కూడా క్రీస్తు పని ఒకరికి వర్తిస్తుందని ఒప్పుకున్నట్టు. అప్పుడు నియమానికి మినహాయింపు ఉందా లేదా అన్నది కాదు ప్రశ్న, అది ఎంతదూరం వెళుతుందన్నది. దీన్ని ముందే చూసినవాడు ఐదో శతాబ్దపు వేదాంతి అగస్టీను. బాప్తిస్మం లేని పసివాడికి కూడా శిక్షే, కాకపోతే అన్నిటికన్నా తేలికైనది అన్నాడు. తర్కం ఎక్కడా తెగలేదు, అయినా దాన్ని మింగగలిగినవాళ్ళు ఎక్కువమంది లేరు.

సువార్త విననివాళ్ళు విన్నా తిరస్కరించేవాళ్ళేననీ, అది దేవుడికి ముందే తెలుసుననీ ఒక నేర్పైన వాదం ఉంది. 16వ శతాబ్దపు స్పెయిన్ జెస్యూట్ మొలీనా సిద్ధాంతం మీద అమెరికన్ తత్వవేత్త విలియం లేన్ క్రెయిగ్ వంటివాళ్ళు కట్టింది. దానికి మత్తయి 11:21 అడ్డం పడుతుంది. మీ మధ్య జరిగిన అద్భుతాలు తూరు సీదోనుల్లో జరిగి ఉంటే వాళ్ళు ఎప్పుడో గోనెపట్ట కట్టుకుని మారుమనస్సు పొందేవాళ్ళని కొరాజీను, బేత్సయిదా ఊళ్ళతో యేసే అన్నాడు. చనిపోయాక అవకాశం ఉంటుందనేవాళ్ళు, చెరలో ఉన్న ఆత్మలకు క్రీస్తు ప్రకటించాడనే 1 పేతురు 3:19, మృతులకు కూడా సువార్త ప్రకటించబడిందనే 4:6 చూపిస్తారు. ఆ రెండూ కొత్త నిబంధనలోకెల్లా అర్థం తేలని చోట్లు. వాటి మీద ఆశ పెట్టుకోవచ్చేమో గానీ సిద్ధాంతం కట్టలేం.

ఒంగోలు దగ్గర జరిగినదొకటి ఈ చర్చకు పనికొస్తుంది. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని ఇచ్చాడు. తిండికోసం మతంలోకి వస్తున్నారన్న మాట రాకూడదని సుమారు 15 నెలలు బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత గుండ్లకమ్మ ఒడ్డున 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. ఆ 15 నెలల్లో నమ్మి, రేవు చేరకముందే ఆకలికో కలరాకో పోయినవాడు ఉంటే? బాప్టిస్టు జవాబు సులువు: రక్షణ విశ్వాసంతో, బాప్తిస్మం దానికి సాక్ష్యం. కథోలిక జవాబూ దాదాపు అదే: 1547లో ట్రెంటు సభ బాప్తిస్మాన్ని మనసారా కోరుకోవడాన్ని కూడా గుర్తించింది. సిలువ మీది దొంగకు ఏ నీళ్ళు దొరికాయి?

దీనికి తిరగేసిన చిత్రం కలగర సుబ్బారావు. 1942లో క్రీస్తు దర్శనం కలిగిందని చెప్పి, ఆయన్నే గురువుగా పెట్టుకుని, బాప్తిస్మాన్నీ సంఘ సభ్యత్వాన్నీ గట్టిగా వద్దన్న తెలుగువాడు. ఆయన విషయంలో లేనిది క్రీస్తు కాదు, చర్చి. "క్రైస్తవుడు కానివాడికి రక్షణ ఉందా" అన్న ప్రశ్నను అలాగే అడిగితే సుబ్బారావు ఏ గడిలోనూ ఇమడడు. ప్రశ్నలో "క్రైస్తవుడు" అంటే రిజిస్టరులో పేరున్నవాడా, యేసును ఆశ్రయించినవాడా అన్నది ముందు తేల్చుకోవాలి.

సువార్త వినకపోయినా రక్షణ సాధ్యమైతే ఇక ప్రకటించడం దేనికి, చెప్పకుండా ఉంటేనే వాళ్ళకు క్షేమం కదా అని యువజన కూడికల్లో తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు. ఈ వాదం సువార్తను పరీక్ష పేపరుగా చూస్తుంది: పేపరు ఇవ్వకపోతే ఫెయిలవ్వరు కదా అని. సువార్తను వార్తగా చూస్తే వాదం నిలబడదు. బాకీ తీరిన రైతుకు ఆ సంగతి చెప్పకపోతే అతను రాత్రంతా నిద్రలేకుండానే గడుపుతాడు, పొలం అమ్మడానికి బేరం పెట్టుకుంటాడు. అలాంటప్పుడు కబురు చేరవేయడం అనవసరమని ఎవరూ అనరు.

తాత గురించి అడిగిన మనిషికి మాత్రం ఈ చరిత్రంతా వినిపించే పని లేదు. తాత ఏం విన్నాడు, ఎవరి నోట విన్నాడు, వద్దన్నాడా, అసలు ఎవరూ చెప్పలేదా అని ముందు అడగాలి. ఎవరూ చెప్పలేదంటే, విని తోసిపుచ్చినవాడి మీది వచనాలు అతని మీద చదవకూడదు. "తప్పకుండా పరలోకంలో ఉన్నాడు" అనడానికి కూడా మన దగ్గర వచనం లేదు. చెప్పగలిగినవి కొన్నున్నాయి. తాత రక్షణ పొంది ఉంటే అది తాత మంచితనం వల్ల కాదు, క్రీస్తు వల్ల. ఎక్కువగా ఇయ్యబడినవాడి దగ్గరే ఎక్కువ అడుగుతానని లూకా 12:48లో ఆయన అన్నాడు. సొదొమ విషయంలో అబ్రాహాము దేవుడితోనే వాదానికి దిగి, "సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా?" అని అడిగినప్పుడు దేవుడు కోపగించుకోలేదు. యాభై మంది నుంచి పది మంది వరకు బేరం విన్నాడు.